బంతి పట్టిన చేతికి బొట్టు

పెట్టె మూత తీయగానే, కార్డులోని మనిషి చేతి మీద నెత్తురు మరక కనిపించింది శ్రీదివ్యకి.

"అమ్మా!"

వంటింట్లో దోసె తిరగేస్తున్న కిరణ్మయి అట్లకాడతోనే పరుగెత్తుకొచ్చింది. కూతురు ఇలా అరవగా ఆమె విన్నది ఒక్కసారే. చిన్నప్పుడు దిండు మీద అరచేయంత సాలీడు కనిపించిన రోజున. మళ్ళీ ఇవాళ, విజయదశమి పొద్దున.

భోజనాల బల్ల మీద పాత చెక్కపెట్టె తెరిచి ఉంది. శ్రీదివ్య తెల్లటి గ్లవ్స్ తొడుక్కుని, ప్లాస్టిక్ కవరులోంచి తీసిన, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద అట్టముక్కని అంచులతో పట్టుకుంది. దాని మీద టోపీ పెట్టుకున్న బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ. బంతి పట్టిన చేతి మీద ఎర్రటి చుక్క. చుక్క కింద తోకలా సాగిన గీత.

కిరణ్మయి వేలితో తాకబోయింది.

"డోంట్ టచ్!"

"తాకనులే. నెత్తురు కాదే, కుంకుమ."

ఆ మాటకి తెరిపిన పడాల్సింది పోయి శ్రీదివ్య మొహం ఇంకా పాలిపోయింది. నెత్తురైతే ఎవరిదో తెలియకపోవచ్చు. కుంకుమైతే అది ఎవరి చేతిలో ఉంటుందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒకేసారి హాల్లోకి చూశారు. అక్కడ బొమ్మల కొలువు ముందు కిరణ్మయి అత్తగారు శేషుకుమారి దీపం సర్దుతోంది.

ఆ పెట్టె శ్రీదివ్యది కాదు. వెనక వీధిలో ఉండే హెదర్‌ది. ఆమె తండ్రి రెండో ప్రపంచ యుద్ధకాలంలో సిడ్నీ రేవులో పనిచేసేవాడు. ఓడలు దిగిన అమెరికన్ నావికులు ఆయనకి సిగరెట్లతో పాటు, సిగరెట్ పెట్టెల్లో వచ్చే ఈ పాత ఆటగాళ్ళ బొమ్మల కార్డులు ఇచ్చిపోయేవారు. ఆయన పోయాక పెట్టె అటక మీదే ఉండిపోయింది. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా ఆగి చూసేలా ఈ కార్డులతో సిడ్నీ శివారు పారమట్టాలో ఒక చిన్న ప్రదర్శన పెట్టాలని శ్రీదివ్య ఆలోచన. రానున్న శనివారం మొదలు. ఫిజియోథెరపీ మధ్యలో వదిలేసి మ్యూజియం చదువులో చేరిన పిల్లకి ఇది మొదటి పని.

చదువు మారినప్పుడు ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. "బతికున్న మనుషుల్ని లేపి నడిపించే చదువు వదిలేసి, చచ్చినవాటికి కాపలా కాస్తావా?" అన్నారు తాతయ్య డాక్టర్ యోగానంద్. ముప్పై ఏళ్ళకి పైగా సిడ్నీలో తెగిన వేళ్ళు అతికించిన సర్జన్ ఆయన. కిరణ్మయి పైకి ఏమీ అనలేదు కానీ ఆమె మనసులో మాటా అదే.

ఆ మాట కాస్త కదిలింది మొన్న. శ్రీదివ్య పెట్టె తెచ్చి, "జస్ట్ ఫైవ్ మినిట్స్ అమ్మా, కూర్చో" అని బలవంతంగా కూర్చోబెట్టింది. ఆఫీసు నుంచి అలిసి వచ్చిన కిరణ్మయి పిల్ల మనసు నొప్పించడం ఎందుకని కూర్చుంది. లేచేసరికి పప్పు మాడిపోయింది.

ఒక కార్డు అసలు అట్టే కాదు, పట్టుగుడ్డ. సిగరెట్ పెట్టెలో పెట్టి ఇచ్చేవారట. మగవాళ్ళు పొగ తాగితే, ఇంట్లో ఆడవాళ్ళు ఈ పట్టుముక్కలు దాచి, కలిపి కుట్టి దిండు గలీబులు చేసుకునేవారట. ఇంకో కార్డులో ఒక ఆటగాడు నిలబడి ఉన్నాడు. పైసగం కిందికి మడిస్తే అవే కాళ్ళ మీద మరో మనిషి ప్రత్యక్షమయ్యాడు. ఇద్దరికీ కలిపి ఒకటే జత కాళ్ళు! కిరణ్మయి చిన్నపిల్లలా మడిచి విప్పి, మడిచి విప్పి చూసింది. మరొకదాన్ని గీత వెంట వెనక్కి వంచితే బొమ్మ లేచి బల్ల మీద నిలబడింది, కొలువులో బొమ్మలాగా.

చివర్లో శ్రీదివ్య ఈ కార్డు చూపించింది. పేరు అరిగిపోయింది. మొహం కూడా సగం మసక. కానీ ఆ చేయి మాత్రం స్పష్టం. చూపుడు వేలు మొదలంటా పోయింది. పక్క వేలు వంకర తిరిగింది. చిటికెన వేలు మొండి. ఆ చేత్తోనే బంతి పట్టుకుని కెమెరా వైపు చాచాడు.

"చిన్నప్పుడు కలప మిల్లులో పోయాయట. హెదర్ వాళ్ళ డాడ్ చెప్పేవారట. ఆ ఫింగర్స్ లేవు కాబట్టే అతని బాల్ ఎవరికీ అంతు చిక్కేది కాదట. ఎగ్జిబిషన్‌లో సెంటర్ పీస్ ఇదే."

కిరణ్మయి కార్డు మీదికి ఇంకా వంగింది. ఎక్కడో ఎప్పుడో బతికిన మనిషి. పేరు కూడా మిగల్లేదు. చేయి మిగిలింది.

ఇప్పుడు ఆ చేతి మీదే కుంకుమ.

"నానమ్మా! నిన్న ఆయుధపూజలో నా బాక్స్ ముట్టుకున్నావా?"

శేషుకుమారి వెనక్కి తిరిగింది. "లేదే బంగారం. ముట్టుకోవద్దన్నావుగా."

మెట్లు దిగుతున్న శ్రీదివ్య తండ్రి జయంత్ ఫక్కున నవ్వాడు. "ఏంటమ్మా, కార్డులకి కూడా పెట్టేశావా? నిన్న నా లాప్‌టాప్‌కి పెట్టావు. ఆఫీస్ పాస్‌కి పెడితే గేటు దగ్గర స్కానర్ నన్ను గుర్తుపట్టలేదు. ఆ రోబో వాక్యూమ్‌కి పెడితే అది ఇల్లంతా తిరిగి కార్పెట్‌కి బొట్లు పెట్టింది."

"అవి మనకి అన్నం పెట్టేవిరా. పెట్టాను. ఎవరో తెల్లవాడి బొమ్మకి నేనెందుకు పెడతాను?"

"దెన్ హూ డిడ్ ఇట్?" శ్రీదివ్య నానమ్మకి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఈ ఇంట్లో కుంకుమ ముట్టుకునేది నువ్వొక్కదానివే. అమ్మకి స్టిక్కర్లు. డాడీకి ఏది పసుపో ఏది కుంకుమో తెలీదు. తాతయ్య అయితే గాడ్ అనే మాట వింటేనే నవ్వుతారు. ఇంకెవరు, గణేశుడొచ్చి పెట్టాడా?"

"దివ్యా, నానమ్మతో మాట్లాడే పద్ధతేనా అది?" అంది కిరణ్మయి.

"అమ్మా, ఇది హండ్రెడ్ ఇయర్స్ ఓల్డ్! హెదర్ నన్ను నమ్మి ఇచ్చింది. ఇవాళ మధ్యాహ్నం పేరంటానికి వస్తోంది, పిలిచింది కూడా నానమ్మే. ఏం మొహం పెట్టుకుని చూపించను? నానమ్మా, ప్రతిదానికీ బొట్టు పెట్టడం నీకు సరదా. యూ రూయిన్డ్ ఇట్ అండ్ యూ డోంట్ ఈవెన్ నో!"

జయంత్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

శేషుకుమారి కళ్ళు ఒక్క క్షణం కిటికీ వైపు వెళ్ళాయి. అక్కడ వాలుకుర్చీలో యోగానంద్ కూర్చున్నారు. రెండు చేతులూ ఉన్ని కోటు జేబుల్లో ఉన్నాయి. పక్కన కాఫీ తొరక కట్టింది. ఆయన బయటికే చూస్తున్నారు.

శేషుకుమారి తల దించుకుంది. "సరేనే. నేనే పెట్టుంటాను. వయసు మీద పడుతోందిగా, గుర్తుండలేదు."

"పెట్టుంటాను?" శ్రీదివ్య కార్డు పెట్టెలో ఉంచి, పెట్టె ఎత్తుకుని, ఏడుస్తూ మేడ మీదికి వెళ్ళిపోయింది. పైన తలుపు ధడేల్మంది.

వంటింట్లో దోసె మాడిన వాసన.

కిరణ్మయి స్టౌ కట్టేసి అక్కడే నిలబడింది. అత్తగారు బొట్టు పెట్టడం ఆమె ఇరవై రెండేళ్ళుగా చూస్తోంది. ముందు తడి పసుపు, దాని నడుమ కుంకుమ. అచ్చు గుద్దినట్టు గుండ్రంగా. మనిషికైనా బొమ్మకైనా నుదుటనే. ఈ కార్డు మీద పసుపు జాడే లేదు. బొట్టు నుదుట లేదు, చేతి మీద ఉంది. గుండ్రంగానూ లేదు, జారిపోయింది. మరో సంగతి. కార్డుని ప్లాస్టిక్ కవరులోంచి తీసి మళ్ళీ పెట్టారు. ఒక్క మూల నలగలేదు. పెళుసైన వస్తువుని ఎలా పట్టుకోవాలో తెలిసిన మనిషి పని అది.

శేషుకుమారి ఖాళీ కొబ్బరి చిప్పలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అత్తయ్యా, అబద్ధం మీకు చేతకాదు."

"ఏం అబద్ధమే?"

"పసుపు లేకుండా కుంకుమ పెట్టారా మీరు ఎప్పుడైనా?"

చిప్పలు గట్టు మీద పెట్టి శేషుకుమారి స్టూలు మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తెలిస్తే తెలిసినట్టు ఊరుకోవే తల్లీ. మాట నా మీదే పోనీ. నాకు అలవాటే."

"మామయ్యగారేనా?"

"చూడలేదు. నిన్న పొద్దున పూజకి వెళ్ళేసరికి భరిణ మూత తీసి ఉంది. చుట్టూ కుంకుమ చిందింది. నేను చిందిస్తానా? అప్పుడు అర్థం కాలేదు. ఇందాక కార్డు చూశాక అర్థమైంది." గొంతు తగ్గించింది. "ఈమధ్య ఆయన చేతులు చూశావా?"

కిరణ్మయి చూడలేదు. చూడటానికి ఆయన ఇవ్వలేదు. జేబుల్లో, శాలువా కింద, దిండు వెనక. కాఫీ ఎప్పుడూ చల్లారిపోతుంది. భోజనానికి పిలిస్తే, మీరు కానివ్వండి, నాకింకా ఆకలి లేదంటారు.

"మీరంతా లేచాక నేను కలిపి నోట్లో పెడుతున్నానే," అంది శేషుకుమారి. "వణుకు. చెంచా నిలవదు. డాక్టరుకి చూపించారు, మందులు వాడుతున్నారు. కొడుక్కి కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఎవరెవరి చేతులో బాగుచేసిన మనిషి, తన చేయి ఎవరికైనా కనపడితే చచ్చిపోయినంత పని."

ఒకే కప్పు కింద ఉంటూ, రోజూ ఒకే బల్ల మీద అన్నం వడ్డిస్తూ, ఇంత సంగతి చూడలేకపోయానే అనుకుంది కిరణ్మయి. ఆమె కళ్ళు నిండాయి.

"కానీ అత్తయ్యా, దేవుడన్నా పూజన్నా వేళాకోళం చేసే మనిషి ఆ బొమ్మకి బొట్టెందుకు పెట్టారు?"

"అదే నాకూ తెలియడం లేదు."

కిరణ్మయి మేడ మీదికి వెళ్ళేసరికి శ్రీదివ్య కిటికీ దగ్గర బల్ల మీద కార్డు పెట్టుకుని కూర్చుంది. ఏడుపు ఆగింది. చేతిలో వెంట్రుకంత సన్నని బ్రష్.

"తడి తగలకూడదమ్మా. తడి తగిలితే రంగు లోపలికి దిగిపోతుంది. ఇప్పుడైతే పౌడర్ పైపైనే ఉంది."

ఊపిరి బిగబట్టి, బ్రష్ చివర్తో ఒక్కొక్క రేణువునీ పక్కకి తోసింది. కాగితం మీద ఎర్రటి ధూళి రాలింది. కిరణ్మయి తలుపు దగ్గరే నిలబడి కూతురి వేళ్ళనే చూస్తోంది. ఎంత నిదానం, ఎంత నేర్పు! వేలు కదులుతోందా లేదా అన్నట్టుంది. ఇది కాపలా పనా? ఇదీ వైద్యమే కదా! ఆ మాట పైకి అనేసింది కూడా.

శ్రీదివ్య తలెత్తలేదు. "థాంక్స్ అమ్మా."

కాసేపటికి బ్రష్ పక్కన పెట్టింది. ఎరుపు పోయింది. చేతి మీద లేత గులాబీ నీడ మాత్రం ఉండిపోయింది.

"ఇంతకన్నా రాదు. హెదర్‌కి నిజం చెప్పేస్తాను. కార్డులు వెనక్కి అడిగితే ఇచ్చేస్తాను. ఎగ్జిబిషన్ ఉండదు. తాతయ్య అన్నదే రైట్ అవుతుంది, అంతే."

నిజం అనే మాట దగ్గర కిరణ్మయి చెప్పబోయి ఆగింది. ఆ నిజం తను చెప్పాల్సింది కాదు.

మధ్యాహ్నం హెదర్ వచ్చింది. చేతిలో సంచీ నిండా తన పెరటి నిమ్మకాయలు. గుమ్మంలోనే చెప్పులు విడిచింది. తెల్లజుట్టు మనిషి కొలువు ముందు వంగి, మెట్టు మెట్టూ చూసి, "ఓ మై," అని గుండె మీద చేయి వేసుకుంది. శేషుకుమారి ఆమెని కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, శనగలూ తాంబూలమూ ఒళ్ళో పెట్టింది. ఆ బొట్టు ఎంత గుండ్రంగా ఉందో అందరూ చూశారు. శ్రీదివ్య కూడా చూసింది. చూసి కనుబొమ్మలు ముడిచింది.

తర్వాత పెట్టె తెచ్చి హెదర్ ముందు పెట్టింది. జరిగింది దాచకుండా చెప్పింది. "నా తప్పే. మొన్న రాత్రి బల్ల మీద వదిలేశాను. ఐయామ్ సో సారీ, హెదర్."

హెదర్ మాట్లాడకముందే శేషుకుమారి లేచి నిలబడింది. "హెదర్, ఐ డూ మిస్టేక్. గర్ల్ నో మిస్టేక్. ఎగ్జిబిషన్ స్టాప్ నో."

హెదర్ కళ్ళజోడు పెట్టుకుని కార్డుని వెలుతురులోకి ఎత్తింది. చాలాసేపు చూసింది. వాలుకుర్చీలో యోగానంద్ కళ్ళు మూసుకున్నారు.

"మీరు నా నుదుట పెట్టారు," అంది హెదర్ ఇంగ్లీషులో, మెల్లగా. "ఇక్కడ మొహం వదిలేసి చేతికి పెట్టారు. దీని అర్థం ఏమిటి?"

కిరణ్మయే చెప్పింది. "నిన్న మాకు పనిముట్ల పండగ. మనకి బతుకునిచ్చిన పనిముట్టుకి దండం పెట్టుకుంటాం. బొట్టు పెట్టడమంటే తల వంచడమే."

హెదర్ కార్డు దించలేదు. "మా నాన్నకి రేవులో గొలుసు పడి రెండు వేళ్ళు పోయాయి. పని పోతుందేమోనని భయపడ్డాడట. అప్పుడే ఎవరో నావికుడు ఇది ఇచ్చాడు. జేబులో పెట్టుకుని పనికి వెళ్ళేవాడు. అందుకే ఇది ఇంత అరిగింది. ఆయన పోయాక ఈ చేతిని చూసినవాళ్ళు లేరు. ముద్దుగా ఉందంటారు, పాతది అంటారు. చూడరు." అందరి మొహాలూ కలయజూసింది. "ఈ కార్డు శనివారం ఎగ్జిబిషన్‌లో ఉండాల్సిందే, ఇలాగే. నాకు కోపం లేదు. కానీ ఈ చేతిని చూసిన మనిషెవరో నాకు తెలియాలి."

ఆమె చూపు శేషుకుమారి దగ్గర ఆగింది. శేషుకుమారి నోరు తెరిచింది.

వాలుకుర్చీ కిర్రుమంది.

యోగానంద్ లేచారు. బల్ల దగ్గరికి నడిచి వచ్చారు. కోటు జేబుల్లోంచి రెండు చేతులూ బయటికి తీసి, అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టారు. కుడిచేయి నిలవడం లేదు. గాలికి ఆకులా అల్లాడుతోంది. దాని తాకిడికి పళ్ళెంలో శనగలు చిన్నగా చప్పుడు చేశాయి.

"నాన్నా..." అన్నాడు జయంత్. ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు.

శ్రీదివ్య ఆ చేతిని చూసింది. కార్డు మీది గులాబీ నీడని, దాని తోకని చూసింది. రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"దివ్యా, నేను తెలుగులో చెప్తాను. మీ నానమ్మకి కూడా అర్థం కావాలి. నువ్వు హెదర్‌కి ఇంగ్లీషులో చెప్పు," అన్నారు యోగానంద్. నానమ్మ పక్కకి వెళ్ళి ఆమె భుజం పట్టుకుని నిలబడి, శ్రీదివ్య తల ఊపింది.

"పెట్టింది నేను. నిన్న పొద్దున మంచినీళ్ళకి లేచి వస్తే బల్ల మీద పెట్టె ఉంది. ఏముందిలే, పనికిరాని కాగితాలు అనుకుంటూ తీశాను. ఈ చేయి కనిపించింది. ఇలాంటి చేతులు వేలకొద్దీ చూశాను నేను. ఏ ఎముక పోయిందో, ఏ నరం తెగిందో, చలికాలం వస్తే ఎక్కడ సలుపుతుందో చూడగానే తెలిసిపోయింది. తెలియనిది ఒక్కటే. ఆ పోయిన వేలి చోట అతను బంతిని కూర్చోబెట్టాడు. నేను అన్ని వేళ్ళూ సరిగ్గా అతికించి పంపిన ఏ చేయీ బంతిని అలా పట్టుకోలేదు. పైగా దాన్ని దాచుకోలేదు. ఫొటో తీసేవాడి ముందుకి చాచి పట్టుకున్నాడు. నా దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ, మిగిలిన వేళ్ళతో బతకొచ్చు నాయనా అని ధైర్యం చెప్పాను. ఆ మాట నేనే ఏనాడూ నమ్మలేదు. నా చేయి వణకడం మొదలుపెట్టగానే నా పని అయిపోయిందనుకున్నాను. కుమారీ, నువ్వు ప్రతి దసరాకీ నా కత్తులకి బొట్టు పెడుతుంటే నవ్వేవాణ్ణి. ఈసారి పెట్టడానికి నా దగ్గర ఒక్క పనిముట్టు లేదు. అతని చేతికి దండం పెట్టాలనిపించింది. నాకు మంత్రం రాదు, ఏం అనాలో తెలియదు. ఎన్నో ఏళ్ళుగా నువ్వు చేస్తుంటే చూసింది ఒక్కటే తెలుసు. నీ భరిణ తీశాను. తాకీ తాకనట్టు చిన్న చుక్క పెడదామనుకున్నాను. చేయి జారిపోయింది. పొద్దున నువ్వు నా తప్పు నెత్తిన వేసుకుంటుంటే, ఇంత పెద్దమనిషిని, నోరు మూసుకుని కూర్చున్నాను. ఒప్పుకుంటే చేయి చూపించాలి, అదీ నా భయం. దివ్యా, ఎగ్జిబిషన్‌లో కార్డు పక్కన ఈ మరక గురించి రాయాల్సి వస్తే నా పేరు రాయమ్మా. ఇదిగో, ఈ వణికే చేత్తో, నేనే పెట్టాను."